నమ్ముకున్నవారి మొర



ఈ స్మారకోపన్యాసం బ్యానరు మీద అయ్యగారి పేరు లేదని మీరు గమనించే ఉంటారు. ఆయన ఇల్లాలు, మన అమ్మగారు, వద్దన్నారు. బతికుండగా ఏ ఫ్లెక్సీ మీదా తన ఫోటో వేయనివ్వని మనిషికి, పోయాక ఆ పని చేయడం న్యాయం కాదన్నారు. ఉపన్యాసం అచ్చువేసేటప్పుడు కూడా అదే పాటించమన్నారు. కాబట్టి ఈ గంటసేపూ ఆయన నాకు అయ్యగారే. ఇక్కడున్న మీకు వేరే పరిచయం అక్కర్లేదు. అచ్చులో చదివేవాళ్లకు మాత్రం రెండు మాటలు చెప్పాలి. ఆయన నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చారు. కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక ఒక అద్దెగదిలో ప్రార్థన మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా ఈ చుట్టుపక్కల బస్తీల్లో, ముందు సైకిల్ మీద, మోకాళ్లు నొప్పెట్టాక ఆటోల్లో, కాపరిగా తిరిగారు. 2022లో ప్రభువు దగ్గరికి వెళ్లారు.

కమిటీవాళ్లు నాకిచ్చిన అంశం 'శ్రమలో దేవుణ్ణి నమ్మడం'. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పినదాన్ని, మాట దగ్గర కాస్త ఆగకుండా ముందుకు పోలేను. మన భాషలో నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. పేపర్లో వచ్చిన వార్తను నమ్ముతాం. కొట్టాయన తూకం సరిగ్గానే వేశాడని నమ్ముతాం. భూమిని మాత్రం నమ్ముకుంటాం. 'ఈ రెండెకరాల్నే నమ్ముకున్నాం' అని ఒక రైతు అన్నాడంటే, తన కూడు, పిల్లల చదువులు, ఆడపిల్ల పెళ్లి, తన ముసలితనం అన్నీ తీసుకెళ్లి ఆ మట్టి మీద పెట్టాడని అర్థం. వాన పడకపోతే ఆయన ఆకాశాన్ని తిడతాడు. గట్టు మీద కూర్చుని భూమినే నిలదీస్తాడు. మళ్లీ మృగశిర కార్తె వచ్చేసరికి అప్పోసప్పో చేసి విత్తనాలు తెస్తాడు. తిట్టాడు కాబట్టి ఆయనకు భూమి మీద నమ్మకం పోయిందని ఏ ఊళ్లోనూ ఎవరూ అనరు.

మొర అనే మాట కూడా ఇంతే. మొరపెట్టడం అనే మాటా ఉంది, కానీ మన నోట ఎక్కువగా వచ్చేది మొరపెట్టుకోవడమే. మన ప్రాణం దానిలో కలిసి ఉంటుంది కాబట్టే ఆ 'కోవడం' వచ్చి చేరింది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఈ రెండు మాటల సంబంధం గురించే. దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లకు ఆయన దగ్గర మొరపెట్టుకునే హక్కు ఉంది. ఆ హక్కును మనం, అంటే సంఘం, చాలాసార్లు లాగేసుకుంటున్నాం.

మన కూడికల్లో సాక్ష్యం చెప్పడానికి ఒక వరస పడిపోయింది. ముందు కష్టం వస్తుంది, తర్వాత ఉపవాస ప్రార్థన, ఆఖర్న విడుదల. రిపోర్టులో గడ్డ కనబడింది, ప్రార్థించాం, రెండో స్కానింగులో లేదు. చప్పట్లు, స్తోత్రం. అవి అబద్ధాలని నేను అనడం లేదు. నా కళ్ల ముందు జరిగినవి ఉన్నాయి, నేనూ చప్పట్లు కొట్టాను. కానీ రెండో స్కానింగులో గడ్డ పెద్దదైనవాళ్లు ఏం చేయాలి? మైకు దాకా రావడానికి వాళ్లకు దారి ఏది? వెనక కుర్చీల్లో కూర్చుని, పక్కవాళ్ల విడుదలకు స్తోత్రం చెప్పి, కూడిక ముగియకముందే చెప్పులు వెతుక్కుని వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయినవాళ్లను అయ్యగారు గేటు దాకా వెళ్లి పట్టుకునేవారు.

ఈ చోటు గురించి కూడా చెప్పాలి. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే ఆయన పొలాలు ప్లాట్లయి దిల్‌సుఖ్‌నగర్ అయింది. పేరులోనే మనసుకు సుఖం ఉంది. కానీ ఇక్కడికి సుఖంగా వచ్చినవాళ్లు తక్కువ. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, గుంటూరు, మా ప్రకాశం జిల్లా నుంచి బస్సెక్కి వచ్చి ఎల్బీనగర్‌లో సంచీతో దిగినవాళ్లమే ఎక్కువమంది. ఒకరు కోచింగును నమ్ముకుని వచ్చారు, ఒకరు కూలీని, ఒకరు ఆస్పత్రిని. మన దారిలో ఉన్న మెట్రో స్టేషన్లలో ఒకదానికి విక్టోరియా మెమోరియల్ అని పేరు. నిజాం కాలంలో మొదలైన అనాథ పిల్లల గృహం పేరు అది. రోజూ ఆ పేరు మైకులో వింటూ దిగిపోతుంటాం.

ఈ దిల్‌సుఖ్‌నగర్‌లోనే, 2013 ఫిబ్రవరి 21 గురువారం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలం మొదలై తొమ్మిదో రోజు. సాయంత్రం ఏడు గంటలప్పుడు, ఆఫీసులు వదిలి, క్లాసులు వదిలి జనం బస్టాపుల దగ్గర గుమిగూడే వేళ, కోణార్క్ థియేటర్ దగ్గర, వెంకటాద్రి థియేటర్ దగ్గర సైకిళ్లకు అమర్చిన బాంబులు నిమిషాల తేడాలో పేలాయి. చనిపోయినవాళ్లలో ఇక్కడికి చదువుకోడానికి వచ్చిన పిల్లలు ఉన్నారు. వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ కేసులో ఐదుగురికి ప్రత్యేక కోర్టు 2016 డిసెంబర్లో మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్లో తెలంగాణ హైకోర్టు దాన్ని ఖరారు చేసింది. చట్టం తన పని తను చేస్తుంది. నేను చెప్పబోయే ప్రశ్న ఏ కోర్టు పరిధిలోకీ రాదు.

ఆ తర్వాతి ఆదివారం ఈ మందిరం నిండిపోయింది. సాక్ష్యాల సమయంలో ఒకరి తర్వాత ఒకరు లేచారు. రోజూ అదే స్టాపులో ఎక్కే ఒక తమ్ముడికి ఆ రోజు మేనేజరు పని పెట్టడం వల్ల ఆలస్యమైంది. ఇంకొక చెల్లెలు కూరగాయల కోసం పక్క సందులోకి తిరిగింది. 'దేవుడు నన్ను కాపాడాడు' అన్నారు. ప్రాణం దక్కినవాళ్ల నోట అంతకన్నా ఏ మాట వస్తుంది? నలుగురో ఐదుగురో చెప్పాక అయ్యగారు లేచి మైకు పట్టుకుని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఇలా అన్నారు: "కాపాడిండని చెప్పేటోళ్లు చెప్పిన్రు. దేవునికి స్తోత్రం. మరి నన్ను కాపాడలేదని అనుకుంటున్నోళ్లు ఎవరన్న ఉంటే, వాళ్లు గూడ చెప్పాలె. ఇది గూడ ఆయన ఇల్లే గదా."

వెనక వరసలో ఒక తల్లి ఉంది. అప్పుడప్పుడూ మాత్రమే వచ్చే మనిషి. కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడు, కాలు నిలుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. ఆమె లేచి, మైకు అందుకోకుండానే, "నా కొడుకు ఏం పాపం జేసిండు?" అని అడిగి కూర్చుంది. అంతే. అయ్యగారు జవాబు చెప్పలేదు. లూకా సువార్త పదమూడో అధ్యాయం తీశారు. సిలోయములో గోపురం కూలి కొందరు చనిపోయిన సంగతి అక్కడుంది. ఆ చనిపోయినవాళ్లు ఊళ్లోవాళ్లందరికన్నా ఎక్కువ పాపులనుకుంటున్నారా అని యేసు జనాన్ని అడిగి, కాదని తానే తేల్చేస్తాడు. ఆ ముక్క చదివి అయ్యగారు బైబిల్ మూసేశారు. ఆ రోజు ఇంక ప్రసంగం లేదు.

ఆ గోపురం కింద పోయినవాళ్లు 18 మంది అని లూకా రాశాడు. దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో పోయినవాళ్లు 18 మంది అని తర్వాత కోర్టు వార్తల్లో చదివినప్పుడు నేను చాలాసేపు పేపరు పట్టుకుని కూర్చున్నాను. సంఖ్య కలిసిందని అందులో ఏదో మర్మం వెతికే మనిషిని కాను. కానీ ఆ కథ నాకు అప్పటినుంచి యెరూషలేము కథ కాదు, కోణార్క్ థియేటర్ సందు కథ. కష్టం చూసి పాపం లెక్కగట్టే అలవాటును ప్రభువు అంత స్పష్టంగా కాదన్నాడు కదా. అయినా మనం ఏ ఇంట్లో ఎవరు మంచం పట్టినా ముందు ఆ లెక్కే ఎందుకు తీస్తాం?

ఆ ఆదివారం నుంచే ఈ సంఘంలో సాక్ష్యాల తర్వాత 'మొరల సమయం' వచ్చింది. ఐదు నిమిషాలు. ఎవరైనా లేచి తన మొర చెప్పవచ్చు. విన్నవాళ్లు ఓదార్చకూడదు, సలహా ఇవ్వకూడదు, వాక్యం ఎత్తి చూపకూడదు. 'ప్రభువా, విన్నావు' అని మాత్రం అందరూ కలిసి అంటారు. మొదట్లో పెద్దలు కొందరు ఒప్పుకోలేదు. కొత్తవాళ్లు వచ్చే చోట ఇలాంటివి వింటే విశ్వాసం చల్లారిపోతుందన్నారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, వాళ్లూ సంఘం మీద ప్రేమతోనే అన్నారు. అయ్యగారు వాళ్లతో వాదించలేదు. కీర్తనల గ్రంథం ఇచ్చి, మొరలు ఉన్న కీర్తనల దగ్గర పెన్సిల్‌తో గుర్తు పెట్టుకు రమ్మన్నారు. నూట యాభైలో మూడో వంతు దాకా గుర్తులు పడ్డాయి. 88వ కీర్తన ఉంది చూడండి, మొదలు నుంచి చివరి దాకా చీకటే. ఆఖరి మాట కూడా చీకటే. ఆఖర్న ఒక్క వెలుగు చరణం కలిపి సరిచేద్దామని కూడా ఎవరికీ అనిపించలేదు. అలాగే గ్రంథంలో చేర్చారు, అలాగే తరతరాలు పాడారు.

యోబు సంగతి మీకు తెలిసిందే. ఆ గ్రంథం గురించి అయ్యగారు ఎప్పుడూ ఒక విషయం చెప్పేవారు. యోబు స్నేహితులు మొదటి ఏడు రోజులూ నోరు విప్పకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక దేవుడి తరఫున ఎన్నో అధ్యాయాలు వాదించారు. చివరికి దేవుడు, నిలదీసిన యోబే నా గురించి సరిగా మాట్లాడాడు, నన్ను వెనకేసుకొచ్చిన మీరు కాదు అని తేల్చాడు. దేవుడికి ప్లీడర్లు అక్కర్లేదని అయ్యగారి మాట.

కష్టకాలంలో దేవుణ్ణి నమ్ముకున్నవాళ్లదే, మా ఊరి వైపు కథ ఒకటి ఇక్కడ చెప్పాలి. కరువు, విశ్వాసం అనగానే మనవాళ్లు మెదక్ చర్చి గురించి చెబుతారు. కరువులో పనికి అన్నం పెట్టి పాస్నెట్ దొర కట్టించిన గుడి, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ. అది మంచి కథే. నాకు మాత్రం ఒంగోలు కథ మీద పక్షపాతం ఉంది, కారణం మీకే తెలుస్తుంది.

అమెరికా బాప్టిస్టు మిషన్ శామ్యూల్ డే దొరతో 1836లో తెలుగువాళ్ల దగ్గరికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడింది. పదేళ్లు దాటినా వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే విశ్వాసులు. ఈ మిషన్ మూసేద్దామని అమెరికాలో ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చర్చకు వచ్చింది. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో ఆ మాట వచ్చినప్పుడే, పటంలో ఒంటరిగా కనిపించే ఈ మిషన్‌ను ఒంటరి నక్షత్రమని పిలుస్తూ శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఒక పద్యం రాశాడు. పద్యం పని చేసింది, మిషన్ మూతపడలేదు. కానీ అది అక్కడి సంగతి. ఇక్కడి సంగతి వేరు. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ఒక కొండ మీదికి ఐదుగురు ఎక్కారు. మిషనరీ జ్యువెట్ దొర, ఆయన భార్య, వాళ్లతో క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఈ ఊరికి ఒక సువార్తికుణ్ణి పంపమని ప్రార్థించి దిగారు.

ఆ తర్వాత ఏం జరిగింది? ఏమీ జరగలేదు. ఏడాది గడిచింది, ఐదేళ్లు గడిచాయి. వాళ్లు అడిగిన సువార్తికుడు, క్లవ్ దొర, భారతదేశానికి వచ్చింది 1865లో, ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు. ఈ కథ చెప్పేవాళ్లందరూ కొండ మీది ప్రార్థన నుంచి ఒక్క గంతులో క్లవ్ దగ్గరికి దూకుతారు. మధ్యలో ఉన్న పన్నెండు జనవరి ఒకటో తేదీల గురించి ఎవరూ చెప్పరు. నాకు ఆ పన్నెండేళ్లే ముఖ్యం. జ్యువెట్ దొరకు వెనక ఒక దేశం ఉంది, బోర్డు ఉంది. నరసుకు, జూలియాకు, రూతుకు ఏముంది? నమ్ముకోవడం ఒక్కటే ఉంది.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. అంతకుముందే తాళ్లకొండపాడులో తోలు వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొందాడు. ఆయన నోటివెంటే మాదిగ పల్లెలకు వార్త పాకింది. అంతలో 1876లో వానలు పోయాయి. దక్షిణాది అంతా రెండేళ్లకు పైగా పీడించిన మహా కరువు అది. వెనకాలే కలరా. ఊరి చివర ఉన్న పల్లెల మీద ముందు పడింది. కొత్తగా నమ్ముకున్నవాళ్లే ఆ పల్లెల్లో ఉన్నారు. దేవుణ్ణి నమ్ముకుంటే కరువు తప్పిపోయిందని ఒక్కరు కూడా సాక్ష్యం చెప్పే వీల్లేని కాలం.

క్లవ్ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరుగా పనిచేసినవాడు. కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తున్న ప్రభుత్వం దగ్గర 3.5 మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. ఆకలితో వచ్చిన వాళ్లకు పని, పనికి కూలి. సాయంత్రం మట్టి తట్టలు దింపాక బోధకులు వాళ్ల మధ్య కూర్చునేవారు. అక్కడే పాటలు, అక్కడే మాటలు. వేలమంది బాప్తిస్మం అడిగారు. ఇక్కడ ఆయన చేసిన పని నాకు ఆ కథ మొత్తంలో పెద్దది: ఇవ్వనన్నాడు. కూలి డబ్బు చేతిలో పడుతున్నంత కాలం బాప్తిస్మం లేదన్నాడు. ఏడాదికి పైగా ఆ మాట మీద నిలబడ్డాడు. ఆకలిగొన్నవాడి చేత ఒప్పించిన విశ్వాసం విశ్వాసం కాదని ఆయనకు తెలుసు. పని ముగిసి, డబ్బు పంపకం ఆగిపోయాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలోకి దిగి ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే, ఇద్దరి తర్వాత ఇద్దరు.

మా నాయనమ్మకు చదువు రాదు. ఎవరైనా మమ్మల్ని చులకన చేసి గంజికోసం మతం పుచ్చుకున్నారని అంటే, "మనం గంజి తాగి రాలేదే, మట్టి మోసి వచ్చాం" అనేది. నా పక్షపాతానికి కారణం అదే.

ఇప్పుడు ఆలోచించండి. సంఘం కష్టంలో ఉన్నవాడి దగ్గరికి రెండు రకాలుగా వెళ్లవచ్చు. తట్ట, పార పట్టుకుని, కూలి లెక్కపుస్తకం పట్టుకుని వెళ్లవచ్చు. లేదా అతని కష్టాన్ని మన ప్రసంగానికి ముడిసరుకు చేసుకోడానికి వెళ్లవచ్చు. 2020 అక్టోబర్ 13 రాత్రి కురిసిన వానకు సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలు మునిగినప్పుడు ఈ మందిరం తలుపులు తెరిచే ఉన్నాయి. పై అంతస్తులో చాపలు పరిచాం, కింద గ్యాస్ పొయ్యి మీద కిచిడీ వండాం. కోవిడ్ భయం ఇంకా తీరలేదు, మాస్కులు తడిసిపోయాయి. వచ్చినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. ఒక తమ్ముడు ఉత్సాహంగా కరపత్రాలు తెచ్చాడు. అయ్యగారు వాటిని తీసి బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఇయ్యాల వద్దు నాయినా. ఆకలిగున్నోని చేతిల కాయితం పెట్టొద్దు" అన్నారు. క్లవ్ దొర పేరు ఆయన ఎత్తలేదు, కానీ ఆయన నల్లగొండ సంఘం కూడా ఆ మిషన్ చెట్టు కొమ్మే. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ 1890 ప్రాంతంలో బాప్టిస్టు మిషన్ అండతో అక్కడ పని మొదలుపెట్టాడు.

మన హాస్టళ్ల పిల్లల గురించి చెప్పకుండా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉపన్యాసం ముగించలేను. గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబర్ 16న రాశారు. పేపర్లు లీకయ్యాయని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశారు. సెప్టెంబర్లో హైకోర్టు దాన్ని కూడా రద్దు చేసింది. 2024 జూన్ 9న మూడోసారి. ఈ మూడు పరీక్షల మధ్య కాలమంతా అమ్మానాన్నలు ఊళ్లో పొలం కౌలుకిచ్చి, పుస్తెలు తాకట్టు పెట్టి డబ్బు పంపుతూనే ఉన్నారు. ఆ పిల్లలకు 'దేవుని సమయం వేరు తమ్ముడూ' అని చెప్పడం మనకు సులువు. ప్రశ్నపత్రం దొంగిలించింది మనిషి. మనుషులు చేసిన అన్యాయాన్ని దేవుని చిత్తం అని పిలిస్తే ఆ దొంగకు మనమే దాపు ఇచ్చినవాళ్లం అవుతాం. ఇక్కడ మొర ఇద్దరికి పెట్టుకోవాలి, దేవుడికీ ప్రభుత్వానికీ. మన పిల్లలు ధర్నాకు వెళ్లేనాటికే అయ్యగారు లేరు. ఉంటే నీళ్ల సీసాల పెట్టె ఎత్తుకుని వెళ్లేవారని నాకు తెలుసు.

అయ్యగారు పుట్టుకతోనే ఇలాంటివారని అనుకోకండి. పరిచర్య మొదట్లో ఒక ఇంట్లో జబ్బుపడ్డ పిల్లవాడి తలమీద చెయ్యిపెట్టి, "రేపటికి లేచి తిరుగుతడు" అని తండ్రికి మాటిచ్చారట. పిల్లవాడు లేవలేదు. ఆ వీధిలో ఆ ఇల్లు వచ్చేసరికి ఏళ్ల తరబడి సైకిల్ దిగి, తల వంచుకుని, నడిపించుకుంటూ దాటేవాణ్ణని ఆయనే నాతో చెప్పారు. ఆ తర్వాత స్వస్థత కోసం ప్రార్థించడం ఆయన మానలేదు, ఎవరినీ మాత్రలు మానమని అననూ లేదు. దేవుడి తరఫున తేదీ చెప్పడం మాత్రం మానేశారు.

నా సంగతి చెబుతాను. 2021 మే. రెండో వేవ్. మావారికి ఊపిరి ఆడలేదు. ఎన్ని చోట్లకు ఫోన్ చేశానో, ఎన్ని గేట్ల ముందు ఆటో ఆగిందో చెప్పను. ఒకచోట మంచం దొరికింది, రెండు రాత్రులకే అంతా అయిపోయింది. ముఖం కూడా సరిగ్గా చూడనివ్వలేదు. పదిహేనో రోజున ఒక సహోదరుడు ఫోన్ చేసి, "అక్కా, విశ్వాసంలో ఎక్కడో లోటు ఉంది, సరిచూసుకోండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడేమో. నేను ఆ మాటతో నెల రోజులు బైబిల్ తెరవలేదు.

అయ్యగారు ఒక మధ్యాహ్నం వచ్చారు. లోపలికి రాకూడదని గేటు బయటే నిలబడ్డారు. అప్పటికే ఆయన ఒంట్లో బాగాలేదు. పక్కింటివాళ్లు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. నేను వరండాలో, ఆయన రోడ్డు మీద. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత మాస్కు సరిచేసుకుని, "టీచరమ్మా, నాకేం తెల్వదమ్మా. ఈ కీర్తన రాసినాయనకు గూడ తెల్వలే. చదివి పోత" అన్నారు. 88వ కీర్తన చదివారు. చీకటి దగ్గర ఆగిపోయారు. ఆమెన్ అనలేదు. కుర్చీ తీసుకెళ్లి పక్కింటి గోడకు ఆనించి వెళ్లిపోయారు.

ఆమెన్ అనే హెబ్రీ మాటకు మూలం గట్టిగా నిలబడటం, ఆనుకోడానికి వీలుగా ఉండటం అని తర్వాత ఒక నిఘంటువులో చూశాను. గుమ్మానికి దన్నుగా నిలిచే స్తంభానికీ, బిడ్డను చంకనెత్తుకునే దాదికీ అదే ధాతువు నుంచి మాటలున్నాయట. ఆ రోజు అయ్యగారు ఆ మాట నోటితో అనలేదు. గేటు బయట గంటసేపు ఎండలో కూర్చున్నారు.

నేను చదువును నమ్ముకున్నదాన్ని కూడా, కాబట్టి పుస్తకాల దగ్గరికి వెళ్లాను. యూర్గెన్ మోల్ట్‌మన్ అనే జర్మన్ పండితుడు ఉండేవాడు. 1943 జులైలో హాంబర్గ్ నగరం మీద బాంబులు కురిసినప్పుడు అతనికి పదిహేడేళ్లు. పక్కనే నిలబడ్డ స్నేహితుడు ముక్కలైపోయాడు, తను మిగిలాడు. యుద్ధఖైదీగా ఉండగా ఎవరో బైబిల్ ఇస్తే, అందులో 39వ కీర్తన మొరలో, సిలువ మీద యేసు తండ్రిని నువ్వెందుకు నన్ను వదిలేశావని అడిగిన కేకలో, తన మాట విన్నానని రాసుకున్నాడు. 1972లో సిలువ మీది దేవుడి గురించి పెద్ద గ్రంథం రాశాడు. అందులో నాకు అందినంత మేరకు చెబుతున్నాను: మొర వినే చోట మాత్రమే కాదు, మొరపెట్టుకునే చోట కూడా దేవుడే ఉన్నాడు. కొడుకుగా ఆ ప్రశ్న అడిగింది దేవుడే. పేలుళ్ల తర్వాతి ఆదివారం ఆ తల్లి మైకు లేకుండా అడిగిన ప్రశ్న అంతకుముందే ఒకసారి సిలువ మీది నుంచి వినబడింది.

మన ఊరి మనిషి ఒకరు కూడా జ్ఞాపకం వచ్చారు. భక్తసింగ్ గారు. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, హైదరాబాదులో హెబ్రోను కేంద్రంగా దేశమంతా సంఘాలు కట్టిన మనిషి. ఆయన ప్రార్థిస్తే బాగుపడ్డామని చెప్పుకునేవాళ్లు ఈ నగరంలో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి ఆయన చివరి ఏళ్లు పార్కిన్సన్స్ జబ్బుతో మంచం మీదే గడిపి, 2000 సెప్టెంబర్ 17న కన్నుమూశారు. ఆయనకు కూడా విశ్వాసంలో లోటు ఉందా? పౌలు తన ఒంట్లో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నాడు, తీయబడలేదు. ఆయనకూ లోటు ఉందా? నాకు ఫోన్ చేసిన సహోదరుణ్ణి ఈ ప్రశ్న అడగాలని చాలా రోజులు అనుకున్నాను. ఇప్పుడు అడగాలని లేదు. అతని ఇంట్లోనూ ఆ తర్వాత ఒక చావు జరిగింది. నేను వెళ్లి గేటు దగ్గర కూర్చుని వచ్చాను.

సమయం అయిందని అధ్యక్షులు చూస్తున్నారు. ఈ మందిరంలో ఏ కూడికైనా మొరల సమయం లేకుండా ముగియకూడదని అయ్యగారి నియమం. స్మారకోపన్యాసానికి ఆ నియమం వర్తించదని కమిటీలో అన్నారు. వర్తిస్తుందనే నేను అనుకుంటున్నాను. కాబట్టి ఈ ఐదు నిమిషాలూ మీవి. ఎవరూ మొదలుపెట్టరు కాబట్టి నాది ముందు చెబుతాను.

ప్రభువా, ఆ రెండో రాత్రి పదకొండింటి నుంచి తెల్లవారుజామున నాలుగింటి దాకా ఆ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని నేను నిన్నే పిలిచాను. నువ్వు వినలేదని నేను అనను. విని ఏం చేశావో నాకు చెప్పలేదు. ఆయన చివరిసారి ఏమైనా అడిగారా, నీళ్లు అడిగారా, నా పేరు ఎత్తారా, అది కూడా నాకు తెలియదు. ఆ గదిలో నువ్వొక్కడివే ఉన్నావు. ఏళ్లు గడిచాయి. ఇప్పటికీ అడుగుతున్నాను.

ఇక మీలో ఎవరైనా.